గోనెసంచి కుక్కిన వెంటిలేటర్

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నా పని తలుపులు మూయించడమే. లోయలో చలికాలం పుట్టిన పిల్లకు గాలి తగలనివ్వకండి, తలకు టోపీ పెట్టండి, కిటికీ వేయండి అని ఊరూరా తిరిగి చెప్పాను. చెప్పి చెప్పి పోయిన గొంతు ఇప్పటికీ సరిగ్గా రాలేదు. తీరా రిటైర్మెంటు దగ్గర పడ్డాక అవే కిటికీలు తెరవండమ్మా అని బతిమాలాల్సి వచ్చింది. మూయమన్న నోటితోనే తెరవమంటే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మేదాన్ని కాదు.

మీలో కొందరు ఈ మధ్యే ఏ.ఎన్.ఎం. ట్రైనింగు ముగించుకుని ఏజెన్సీ సబ్‌సెంటర్లలో చేరారట. నా సన్మాన సభకు వచ్చినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. ఆ రోజు వక్తలందరూ నేను వాగులు దాటి వెళ్ళి కాన్పులు చేసిన సంగతే చెప్పారు. వాగులు దాటిన మాట నిజమే. వంతెన లేని చోట ఎవరైనా దాటాల్సిందే, అందులో గొప్పేముంది? నన్ను వదలకుండా పట్టుకున్న సంగతి మాత్రం తారు రోడ్డు పక్కన, టైల్సు వేసిన స్నానాల గదిలో జరిగింది. దాని ఊసు ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే శాలువా అక్కడే వదిలేసి వచ్చేసేదాన్ని.

అరకు నుంచి కాస్త లోపలికి, కాఫీ తోటల కింద ఉన్న ఊరు అది. అక్కడ ఒక పెద్దావిడ ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. కాఫీ, మిరియాలు, కొంచెం చోడి పండించుకుంటూ ఒక్క కొడుకుని పెంచింది. ఆ కొడుక్కి పుట్టినప్పటి టీకాలు నేనే వేశాను. అప్పట్లో నా సంచీ కనిపిస్తే పిల్లాణ్ణి చంకనేసుకుని కొండెక్కేసేది. తరవాత ఎంత చనువైందంటే, నేను ఊళ్ళోకి అడుగు పెట్టడమే ఆలస్యం, "ఓలమ్మ, సూదుల సిస్టరమ్మ వొచ్చీసినాది, పారిపోండర్రా" అని తనే అరిచి, ముందుగా తనే ఎదురొచ్చి అంబలి ఇచ్చేది.

ఊళ్ళో ఏ బాలింతకైనా స్నానం ఆవిడ చేతి మీదుగానే జరగాలి. నూనె పట్టించడం, పసుపు రాయడం, మరిగిన నీళ్ళు నడుం మీద ధార కట్టి పోయడం, చెవుల్లో దూది పెట్టడం, నెత్తికి గుడ్డ బిగించి కట్టడం. నడుం నొప్పి అన్న పిల్ల ఆవిడ చేతి నీళ్ళు పడ్డాక నవ్వుతూ లేచేది. ఆసుపత్రి కాన్పులు వచ్చి పాత పద్ధతులు చాలా పోయాయి కానీ ఆవిడ స్నానం పోలేదు. నేనూ దాని జోలికి పోలేదు. పిల్ల బొడ్డుకి పేడ పెట్టొద్దని దెబ్బలాడాను గాని, వేణ్ణీళ్ళు పోస్తే నాకేం బాధ?

ఆ స్నానానికి ఒక్కటే నియమం. బాలింతకు గాలి తగలకూడదు. తగిలితే వాతం కమ్ముతుంది, పాలు పోతాయి, మనిషి చచ్చిపోయినా పోతుంది. మా మైదానంలో మా అమ్మ కూడా ఇదే మాట చెప్పి నన్ను నెలంతా చీకటి గదిలో కూచోబెట్టింది. కాబట్టి ఏజెన్సీవాళ్ళ మూఢనమ్మకం అని ఎవరైనా అంటే వాళ్ళను మా ఊరికి తీసుకెళ్ళి మా వీధిలో వదిలిపెడతాను.

పాత రోజుల్లో ఆ నియమం ఎవరినీ చంపలేదు. ఎందుకంటే పాత ఇల్లు గడ్డి కప్పుది. గోడకి, కప్పుకి మధ్య చెయ్యి పట్టేంత సందు చుట్టూతా ఉండేది. తలుపు బిగించుకున్నా, తడికకు గుడ్డలు కట్టుకున్నా పొయ్యి పొగ దాని దారిన అది పోయేది. కళ్ళు మండేవి, దగ్గొచ్చేది, అంతే. ఆవిడ కొడుకు స్లాబు ఇల్లు కట్టాక ఆ సందు పోయింది. ఇల్లు మారింది కానీ నియమం మారలేదు.

కొడుకు మంచివాడు, కష్టపడేవాడు. వలిసె పూలు పూసే రోజుల్లో ఫొటోలు దిగడానికి వచ్చే టూరిస్టుల కోసం ఇంటి పక్కనే రెండు గదులు వేశాడు. మంచులో వచ్చేవాళ్ళు దిగీ దిగగానే అడిగేది వేణ్ణీళ్ళు. కరెంటు గీజరు పెడితే సీజన్లో వోల్టేజీ చాలదు. అందుకని విశాఖపట్నం నుంచి గ్యాస్ గీజరు తెచ్చాడు. పంపు తిప్పితే చాలు, దానంతటది వెలిగి మరిగే నీళ్ళు ఇస్తుంది. దాన్ని బయటి గోడకు పెట్టాలని ఆ అట్టపెట్టె మీద బొమ్మ వేసి మరీ ఉంది. బయట పెడితే కోతులు పైపు పీకేస్తాయని ప్లంబరు తీసుకెళ్ళి, ఇంటికీ టూరిస్టులకూ కలిపి ఉన్న స్నానాల గదిలోనే బిగించాడు. అట్టపెట్టెలో కోడి గుడ్లు పొదుగుతోంది.

టూరిస్టులకు ఏమీ కాలేదు. వాళ్ళు చలికి హడావిడిగా నాలుగు చెంబులు పోసుకుని బయట పడేవాళ్ళు. బాలింత స్నానం అలాంటిది కాదు.

కోడలిది కొండకి అవతలి ఊరు. తల్లి లేని పిల్ల. అందుకే పురుడు అత్తవారింటే. ఏరియా ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా బాగానే ఇంటికొచ్చారు. కొన్నాళ్ళకు నేను మామూలుగా చూసి వద్దామని వెళ్ళాను. గుమ్మం దాటకముందే లోపల నుంచి కేక. వెళ్ళి చూస్తే పెద్దావిడ కోడల్ని రెండు చేతులా ఈడ్చుకుంటూ వసారాలోకి తెస్తోంది. కోడలు పిల్ల ఒళ్ళంతా తడి, తల వాలిపోయి ఉంది. నేను ఒక చెయ్యి వేశాను. బయట పడుకోబెట్టి దుప్పటి కప్పాక మెల్లగా కళ్ళు తెరిచింది, భళ్ళున వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందంది. చంటిది పక్కింటివాళ్ళ దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది.

పెద్దావిడ స్తంభం పట్టుకుని నిలబడింది. ఆవిడ కాళ్ళు కూడా వణుకుతున్నాయి. "నాక్కూడా తల తిరిగిపోతన్నాది సిస్టరమ్మా. ఆ పైన సందుంది సూడు, అందులోంచి గాలి కొట్టీసినాది గుంటని. నాను అప్పుడే అనుకున్నాను" అంది. గుంటంటే కోడలు పిల్ల, పైన సందంటే వెంటిలేటరు. దాని అద్దాలు ఒక మూల సరిగ్గా పడవు.

ఆటోలో పి.హెచ్.సి.కి తీసుకెళ్ళాను. మా డాక్టరమ్మ అప్పటికి వచ్చి ఏడాది కాలేదు. నా కూతురు వయసు. తను రాసిన మందు పేరు నేను చదవలేకపోతే చిరాకు పడేది, నేను చెప్పిన ఊరు పేరు తను పలకలేకపోతే నేను చిరాకు పడేదాన్ని. రక్తం తక్కువ పిల్లే, బాలింత నీరసం అని నేను చెప్పుకుపోతుంటే ఆపింది.

"సిస్టర్, అత్తగారికి కూడా అదే టైములో తల తిరిగింది అన్నారు కదా. ఇద్దరికీ ఒకేసారి నీరసం ఎలా వస్తుంది? బయటికి తేగానే తేరుకుంది కూడా. లోపల ఏం వెలుగుతోంది?"

గ్యాస్ గీజరు అన్నాను. ఆమె ముఖం మారిపోయింది. వేలికి పెట్టే మీటరు అంకె బాగానే చూపిస్తోంది. ఈ అంకెను నమ్మొద్దు, ఈ విషం ఉన్నప్పుడు ఇది అబద్ధం చెబుతుంది అంటూ ఆక్సిజన్ పెట్టేసింది. తరవాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది. గ్యాస్ మండడానికి గదిలో ఉన్న గాలినే వాడుకుంటుంది. కొత్త గాలి రాకపోతే సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుంది. కాళ్ళు ముందు పోతాయి, అందుకే తలుపు రెండడుగుల దూరంలో ఉన్నా తీసుకోలేరు.

ఆ సాయంత్రం వరకూ ఉంచి పంపించాం. ఆ గదిలో గీజరు వెలిగించొద్దని డాక్టరమ్మ కొడుక్కి గట్టిగా చెప్పింది. అతను అలాగేనన్నాడు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి గ్యాస్ మెకానిక్కును పిలిపించి ఉంచాడు. మెకానిక్కు మా ఎస్.కోట వైపు మనిషి. పైపులన్నిటికీ సబ్బు నురగ రాసి చూస్తున్నాడు.

"లీకేజీ లేదు మేడమ్. ఎక్కడా బుడగ రాలేదు, వాసన లేదు. బండ భేషుగ్గా ఉంది" అన్నాడు.

కారిపోయిన గ్యాస్ సంగతి కాదయ్యా, కాలిన గ్యాస్ సంగతి అన్నాను. కాలిపోయాక ఇంకేముంటుంది మేడమ్ అన్నాడు. అతని తప్పు కూడా కాదు. వాసన వస్తే ప్రమాదం అని మనమే ఊరూరా చెప్పాం. వాసన రాకపోతే ప్రమాదం లేదని వాళ్ళకు వాళ్ళు నేర్చుకున్నారు. డాక్టరమ్మకు ఫోను కలిపి అతని చెవికి పెట్టాను. విని కాసేపు తల గోక్కుని, అయితే బయటి గోడకు మార్చేద్దాం, చుట్టూ ఇనుప జాలీ కొడితే కోతులు రావు, కాకపోతే పైపు కావాలి, సంతకు వెళ్ళినప్పుడు తెస్తాను అన్నాడు.

"సంత దాకా ఆగడమేంటి, ఇప్పుడే పీకి అవతల పెట్టు" అన్నాను. కొడుకు నసిగాడు. టూరిస్టులు బుక్ చేసుకుని ఉన్నారు, వేణ్ణీళ్ళు లేవంటే ఫోన్లో చెడ్డగా రాస్తారు అన్నాడు. వాళ్ళకైతే తలుపు తీసి కాచి బక్కెట్లతో ఇస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చుట్టాన్ని పొమ్మంటే చూరు పట్టుకుని వేలాడినట్టు ఆ గీజరు గోడ వదలనంటోంది.

పెద్దావిడ ఇవేమీ పట్టించుకోకుండా నా చెయ్యి పట్టుకుని స్నానాల గదిలోకి తీసుకెళ్ళింది. ముఖం వెలిగిపోతోంది. "సూడు సిస్టరమ్మా, ఎలగ సేసీసినానో. ఇంక సీమ కూడా దూరదు" అంది. వెంటిలేటర్లో గోనెసంచి కుక్కి, చుట్టూ బంకమట్టి మెత్తింది. తలుపు కింద సందుకు పాత చీర చుట్ట పెట్టింది. రాత్రికి రాత్రి చేసుకున్న పని. పిల్ల గాలి తగిలి పడిపోయిందని ఆవిడ నమ్మకం కదా, ఆ గాలిని ఆపేసింది.

నేను స్టూలు ఎక్కి సంచి పీకబోయాను. ఆవిడ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు? బాలింతకి గాలి కొడితే బతుకుద్దేటి? నువ్వే కదేటి సిన్నపిల్లకి గాలి తగలనీకండి అని మైకులో సెప్పినావు?"

"అప్పుడు చెప్పింది వేరమ్మా. అప్పుడు గది లోపల గ్యాస్ మంట లేదు."

"మంటేటి, నా బతుకంతా మంట కాడే. పొగొస్తే కళ్ళు మండుతాయి, దగ్గొస్తాది, తలుపు తీసీస్తాం. దీనికి పొగ నేదు, మసి నేదు. ఇంత మంచి మంట నానెప్పుడూ సూడనేదు."

చిన్నప్పటి నుంచీ ప్రతి మంటనూ కళ్ళతోనే కొలిచిన మనిషి ఆవిడ. ఆ కొలతకు ఇది అందలేదు. ఎంతసేపు వాదించామో! పక్కింటివాళ్ళు పని మానుకుని చూస్తున్నారు. ఆఖరికి నేను దారికి వచ్చాను. స్నానం మానెయ్యమనడం లేదు, గాలి తగలనివ్వమనడమూ లేదు అన్నాను. ముందు సంచి తీసి, తలుపు తీసి, నీళ్ళు కాచుకుని అండా నింపుకో. గీజరు కట్టెయ్. గది కాసేపు గాలి పోసుకోనీ. తరవాత సంచి పెట్టుకుని, తలుపేసుకుని పిల్లను లోపలికి తీసుకెళ్ళి నీ ఇష్టం వచ్చినంతసేపు నీళ్ళు పొయ్. ఈ ఏర్పాటు ఆవిడకు నచ్చింది. నా గెడ్డం పట్టుకుని, "అలగ సెప్పు మరి. ఊరికే అరుత్తావు" అంది.

చెప్పింది మళ్ళీ చెప్పించుకోవడం మాకు ట్రైనింగులో నేర్పారు. ఏదీ నువ్వు చెప్పు అన్నాను.

"గీజరు ఎలిగినప్పుడు గుంట లోపలుండకూడదు. సంటిది కూడా ఉండకూడదు. మంట ఆరిపోయినాకే గుంటని లోపలికి తేవాలి. అంతే కదేటి?"

అంతే అన్నాను. మిగతావి అంత ముఖ్యం కాదనిపించి కాదు, ఇంత పట్టుగల మనిషి ఇంతవరకైనా వచ్చినందుకు సంతోషపడి అన్నాను. పిల్ల బతికింది అనుకుంటూ ఆటో ఎక్కాను.

ఆ తరవాతి బుధవారం టీకాల రోజు. మంచు ఇంకా కరగలేదు. సబ్‌సెంటర్ ముందు తల్లులు వరసగా కూచున్నారు. ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోను చేసింది. ఏడుస్తోంది, మాట తెలియడం లేదు. "సిస్టరమ్మా, బేగి రండి, బేగి రండి, స్నానాల గదిలో..." అంది. ఫోను ఆగిపోయింది.

డాక్టరమ్మకు కబురు పెట్టి, దొరికిన మోటారు సైకిలు వెనక కూచుని బయలుదేరాను. దారి పొడుగునా ఆ పిల్ల ముఖమే. తల్లి లేని పిల్ల, చంటిదానికి ఇంకా నెల నిండలేదు. పెద్దావిణ్ణి మనసులో తిట్టని తిట్టు లేదు. అంతలా చెప్పినా పిల్లను లోపల పెట్టేసింది, మొండి ముండ, చేతికి దొరికితే చూస్తాను అనుకున్నాను. ఆ మాటలు అలాగే అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

వాకిట్లోకి వెళ్ళగానే పిల్ల కనిపించింది. వసారాలో గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఒంటికి నూనె, పసుపు అలాగే ఉన్నాయి. చెవుల్లో దూది. ఒడిలో చంటిది పాలు తాగుతోంది. స్నానానికి సిద్ధమై, స్నానం కాని మనిషి. నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అన్నాను, పైకే అన్నాను. అక్కడున్న ఆడవాళ్ళు నా వైపు తిరిగి చూశారు. అప్పుడు వాళ్ళ మధ్య నుంచి పెద్దావిడ పాదాలు కనిపించాయి.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు ఉన్నాయి. ఈ విషం పట్టినవాళ్ళకు అలాగే ఉంటుందని డాక్టరమ్మ తరవాత చెప్పింది. గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ జీపు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. వచ్చి, చూసి, నా చేతుల మీద చెయ్యి వేసి ఆపింది. నేను వదలకపోతే, "సిస్టర్, చాలు" అంది. మేమిద్దరం ఒకరి మీద ఒకరం చిరాకు పడకుండా మాట్లాడుకోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

కొడుకు టూరిస్టుల్ని తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళి ఉన్నాడు. పక్కింటివాళ్ళు తలుపు బద్దలు కొట్టారు. గడప దాటి నీళ్ళు వసారాలోకి వచ్చాక గాని ఎవరికీ అనుమానం రాలేదు. పంపు తిప్పింది తిప్పినట్టే ఉంది, అండా నిండి పొర్లుతోంది, గీజరు వెలుగుతూనే ఉంది. వెంటిలేటర్లో గోనెసంచి కుక్కినట్టే ఉంది. తలుపు కింద చీర చుట్ట లోపలి వైపు నుంచి పెట్టి ఉంది.

ఏం జరిగిందో పిల్ల చెప్పింది. ఎవరూ అడక్కుండానే, ఏడుపు లేకుండా, చంటిదాని వీపు నిమురుతూ చెప్పింది.

"ఈ రోజు సలి ఎక్కువగున్నాది కదా. సంచి తీసీస్తే గది సల్లబడిపోద్ది, గుంట లోపలికొచ్చేసరికి సలి పట్టెస్తాదని అత్త తలుపేసీసుకుంది. గది ఎచ్చగా అయినాక పిలుత్తానంది. నానూ వొత్తాను అత్తా, ఎచ్చగా ఉంటాదన్నాను. వొద్దంది. మంట ఎలిగినప్పుడు నువ్వు లోపలుండకూడదు, సిస్టరమ్మ మరీ మరీ సెప్పినాది అంది. నాను ఇక్కడే కూసున్నాను. పిలుత్తాదని సూత్తన్నాను."

ఆవిడ నా మాట తప్పలేదు. నేను చెప్పించుకున్న మాట ఏదైతే ఉందో దాన్ని అక్షరం పోకుండా పాటించింది. మంట వెలిగినంతసేపూ పిల్ల లోపల ఉండకూడదు. తను ఉండకూడదని ఆవిడ అనుకోలేదు. తనకు ప్రమాదమని ఆవిడకు తట్టనే లేదు. మొదటి రోజు తనకూ తల తిరిగింది కదా అంటే, ముసిల్దానికి తల తిరగడం కూడా ఒక లెక్కేనా అనుకుని ఉంటుంది. బాలింతకు వచ్చిన ఆపద బాలింతకే అనుకుంది. నేను కూడా అలాగే మాట్లాడాను. ఆ ఇంట్లో నేను నోరు తెరిచిన ప్రతిసారీ పిల్ల, పిల్ల అనే అన్నాను.

గుండెలు బాదుకోవడానికి ఇది రాయడం లేదు. బాదుకోవడం అయిపోయింది, దాని వల్ల ఎవరూ లేచి రారు. ఊళ్ళోవాళ్ళు వయసైపోయింది, చలికి గుండె ఆగింది అన్నారు. పైవాళ్ళు నన్ను ఓదార్చడానికి మీరు చెప్పాల్సింది చెప్పారు కదా అన్నారు. ఆ ఓదార్పు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

స్టేషను నుంచి తిరిగొచ్చిన కొడుకు తల్లిని చూశాడు. ఏడవలేదు. గునపం తీసుకుని నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళి వెంటిలేటరు కింద గోడ పొడవడం మొదలుపెట్టాడు. ఎవరు పట్టుకున్నా ఆగలేదు. గోడలో మనిషి దూరేంత కన్నం పడ్డాక గునపం పారేసి ఆ ఇటుకల మీదే కూలబడి, "అమ్మా, గాలొచ్చింది సూడే, గాలొచ్చింది" అని ఏడ్చాడు. అతన్ని తిడదామని వచ్చిన నేను అతని పక్కన కూచుండిపోయాను.

మెకానిక్కు మర్నాడు పైపు, ఇనుప జాలీ పట్టుకుని వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి సంగతి తెలుసుకున్నాడు. వెంటనే గీజరు విప్పి బయటి గోడకు బిగించాడు. వెళ్ళేటప్పుడు నాతో, "మేడమ్, మా వీధిలో నేను బిగించినవి కూడా ఉన్నాయి. అన్నీ లోపలే" అన్నాడు. వాటన్నిటినీ అతను తిరిగి తిరిగి మార్చాడని తరవాత విన్నాను.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ రోజు మధ్యాహ్నం, ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి మగవాళ్ళు ఏర్పాట్లు చేస్తుంటే, ఒంటి నిండా పసుపుతో పిల్ల అలాగే కూచుని ఉంది. ఎవరికీ ఆమె గుర్తు రాలేదు. ఊళ్ళో బాలింతలకు నీళ్ళు పోసే మనిషి చాప మీద ఉంది, ఇంక పోసేదెవరు? నేను లేచి పెరట్లో మూడు రాళ్ళు పెట్టించి కట్టెల మీద నీళ్ళు కాయించాను. చుట్టూ తడికలు, దుప్పట్లు కట్టించాను. పైన ఆకాశం వదిలేశాను. పొగకు కళ్ళు మండుతుంటే ఆ పిల్ల నడుం మీద వేణ్ణీళ్ళు ధార కట్టి పోశాను. నాకు చేతకాలేదు. ధార తెగిపోయేది.

"అత్తయితే ఇంకా పైనుంచి పోసీది" అంది పిల్ల. అప్పుడు ఏడ్చింది. నేను చెంబు పైకెత్తాను.

రిటైరయ్యేదాకా తరవాత ఎన్నో ఇళ్ళకు వెళ్ళాను. గ్యాస్ గీజర్లు, గ్యాస్ హీటర్లు ఇప్పుడు కొండ మీద కూడా ఉన్నాయి. చలికి అవి కావాలి, వద్దని ఎవరికీ చెప్పలేను. పెడితే గది బయట పెట్టండి, మంట ఉన్నంతసేపూ గాలి రానీ పోనీ అని చెబుతాను. మీరూ చెప్పండి. కానీ చెప్పి వచ్చేయకండి. బాలింతతో చెప్పడం అయ్యాక, తలుపు పక్కన నిలబడి తనది కాని సంగతిలా వింటున్న ముసలమ్మ ఒకామె ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆమె వైపు తిరిగి, "మరి నువ్వు?" అని అడగండి.

చాలామంది నవ్వుతారు. "నాకేటవుద్దమ్మా, ముసిల్దాన్ని" అంటారు. నేనైతే ఆ నవ్వు ఆగి, "నానూ ఉండను లోపల" అని ఆమె నోటితో ఆమె అనేవరకూ ఆ గుమ్మంలోంచి కదిలేదాన్ని కాదు.